గూడ్స్ బండిని విప్పి చూస్తే...

అమెరికా నుంచి వచ్చిన బొమ్మ వ్యాగన్ డబ్బాలో పేరు తెలియని ముక్కలు బోలెడు. అవేంటో తెలియాలంటే ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కి హైదరాబాద్ శివారు ఘట్‌కేసర్‌లో దిగి, లూప్ లైన్లో ఆగిన గూడ్స్ బండిని కాసేపు తేరిపార చూడాలి.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే మేనమామ సెలవులకు వస్తూ పిల్లాడి కోసం ఒక అట్టడబ్బా తెస్తాడు. మూత మీద ఇటుకరంగు గూడ్స్ పెట్టె బొమ్మ ముచ్చటగా ఉంటుంది. తెరిస్తే పెట్టె కనపడదు. ఒక ప్లాస్టిక్ డొప్ప, దాని అడుగుపలక, నాలుగు ఇరుసుల చక్రాలు, ఓ ఇనుప రేకు, రెండు మూడు స్క్రూలు ఉంటాయి. ఇవిగాక సన్నటి ప్లాస్టిక్ కాడలకు అతుక్కుని వచ్చిన చిల్లర ముక్కలు ఓ పాతిక దాకా ఉంటాయి.

"మామా, ఇదేంది?"

"ఏమోరా... అడుగున ఎక్కడో పెట్టాలట."

మామ తప్పేం లేదు. డబ్బాలో వచ్చే కాగితం మీద పటం ఉంటుంది, బాణం గుర్తులుంటాయి. బ్రేక్ సిలిండర్‌ను ఇక్కడ, రిజర్వాయర్‌ను అక్కడ, వాల్వును ఆ పక్కన అతికించమని రాసి ఉంటుంది. చేతిలో ఉన్న మూడు ముక్కల్లో ఏది ఏదో మాత్రం రాయరు. ఈ కిట్లు తయారుచేసేవాళ్లు తమ గిరాకీ ఎవరో తెలిసి చేస్తారు. ఊరి నడిమధ్య నుంచి పోయే గూడ్స్ బండిని పుట్టినప్పటి నుంచీ చూసిన అమెరికన్‌కు సిలిండర్ ఏదో ఒకరు చెప్పక్కర్లేదని వాళ్ల ధీమా.

ఆ లెక్కన నాచారం, ఉప్పల్, చర్లపల్లి, ఘట్‌కేసర్ పిల్లలకు కూడా ఒకరు చెప్పక్కర్లేదు. సికింద్రాబాద్ నుంచి వరంగల్ వైపు నిజాం రైల్వే పట్టాలు పడింది 1886లో. 1889 నాటికి అవి బెజవాడ దాకా వెళ్లాయి. అప్పటి నుంచీ ఈ దారిన సరుకు నడుస్తూనే ఉంది. బొగ్గు, సిమెంటు, బియ్యం, ఎరువులు, పెట్రోలు వస్తూ పోతూ ఉంటాయి. చర్లపల్లి, ఘట్‌కేసర్ పక్కన ఆయిల్ కంపెనీల డిపోలు ఉండటంతో ట్యాంకు వ్యాగన్ల బండ్లకు ఇది సొంతిల్లు. 2024 మార్చి 5న ఘట్‌కేసర్–లింగంపల్లి ఎంఎంటీఎస్‌కు, 2025 జనవరి 6న చర్లపల్లి కొత్త టెర్మినల్‌కు ప్రధాని ప్రారంభోత్సవం చేశాక ఈ లైను పేరు పత్రికల్లో బాగానే నలిగింది. అదంతా మనుషులెక్కే బండ్ల గురించే. పక్క లైన్లో దారి కోసం ఎదురుచూస్తూ నిలబడ్డ గూడ్స్ బండి మొహం చూసేవాళ్లు తక్కువ.

చూసేదేదో ప్లాట్‌ఫాం మీది నుంచో, పాదచారుల వంతెన మీది నుంచో చూడాలి. దగ్గరగా చూద్దామని పట్టాల మీదికి దిగితే రైల్వే చట్టం 147వ సెక్షన్ ఉంది, ఆరు నెలల దాకా జైలు. ఆగిన గూడ్స్ ఎప్పుడు కదులుతుందో దాని గార్డుకే ముందు తెలియదు. ఆ గార్డును 2022 నుంచి ట్రైన్ మేనేజర్ అంటున్నారు గానీ స్టేషన్లో అందరి నోటా ఇంకా గార్డే.

లెక్కలో లేని ముక్కలు

అసలు ముక్కల జోలికి వెళ్లేముందు, ముక్కలు కానివాటిని పక్కన పెట్టాలి. కొత్తవాళ్లు సగం తికమకపడేది వీటితోనే.

చర్లపల్లి పారిశ్రామికవాడలో సీపెట్ ఉంది. ప్లాస్టిక్ అచ్చుల పని నేర్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ. అక్కడ చదివిన ఏ కుర్రాడికి ఈ కిట్ చూపించినా కాడ ఏదో, కాయ ఏదో క్షణంలో చెప్పేస్తాడు. కరిగిన ప్లాస్టిక్ అచ్చులోకి దిగే దారి స్ప్రూ. అక్కడి నుంచి ఒక్కో గుంటకూ పారే కాలువలు రన్నర్లు. గుంటలోకి దూరే సన్నటి మెడ గేటు. గేటు దగ్గర తుంచితే ముక్క చేతికొస్తుంది, మిగిలింది చెత్త. ఆ చెత్తలో కూడా గుండ్రటి కడ్డీలు, పొట్టి పుల్లలు ఉంటాయి కాబట్టి వాటిని గొట్టాలనుకుని బండి అడుగున అతికించినవాళ్లు లేకపోలేదు. తేడా కనిపెట్టడం సులువే. కాలువలో నున్నదనం తప్ప ఏ వివరమూ ఉండదు. ముక్క మీద బోల్టు తలలో, అంచులో, గాట్లో ఏదో ఒకటి ఉంటుంది.

ముక్కల వెనకవైపు చిన్న గుండ్రటి మచ్చలుంటాయి. అచ్చు తెరుచుకున్నాక ముక్కను బయటికి నెట్టే పిన్నుల గుర్తులవి. అచ్చు చేసేవాళ్లు వాటిని వీలైనంతవరకు కనపడని వైపే పెడతారు. ఏ వైపు లోపలికో తేలనప్పుడు ఈ మచ్చలున్న వైపు లోపలికి పెట్టి చూడండి. పదింట తొమ్మిదిసార్లు సరిపోతుంది.

ఒకే అచ్చుతో రెండు మూడు రకాల పెట్టెలు చేసే కంపెనీలు ఒక్కో డబ్బాలో అన్ని రకాల చిల్లరా వేసేస్తాయి. కాబట్టి చివరికి మిగిలిన ముక్కలన్నీ మీరు మరిచిపోయినవే అయి ఉండవు. బండి పూర్తయ్యాక ముక్కలు మిగిలాయని దిగులుపడి మళ్లీ ఊడదీసేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

ఇనుప రేకు సంగతి వేరే. అసలు వ్యాగన్లో ఎక్కడా లేని ఈ వస్తువు బొమ్మకు మాత్రం తప్పనిసరి, ఎందుకంటే అది బరువు. తేలికైన ప్లాస్టిక్ పెట్టె మలుపులో పట్టాలు తప్పుతుంది. 1935లో పుట్టిన అమెరికా మోడల్ రైలు సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ దీనికో లెక్క కట్టింది. అసలు బండిలో 87వ వంతుండే హెచ్‌ఓ సైజు బండికి మొదట ఒక ఔన్సు, ఆపైన పొడవులో ప్రతి అంగుళానికీ అర ఔన్సు. నలభై అడుగుల అమెరికన్ పెట్టె ఈ సైజులో ఐదున్నర అంగుళాలు వస్తుంది. అంటే మొత్తం మూడుముప్పావు ఔన్సులు, మన లెక్కలో 106 గ్రాములు. కంసాలి త్రాసు దొరక్కపోతే వంటింటి ఎలక్ట్రానిక్ కాటా చాలు.

గాలి వెంట నడిస్తే

ఇప్పుడు అడుగుభాగం. పేరు తెలియని ముక్కలన్నీ పోగయ్యేది ఇక్కడే. ఆకారం చూసి పేరు ఊహిద్దామనుకుంటే పని జరగదు. సిలిండర్ గుండ్రంగా ఉంటుంది, రిజర్వాయర్ కూడా గుండ్రంగానే ఉంటుంది. గాలి ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడికి పోతోందో పట్టుకుంటే పేర్లు వాటంతటవే బయటపడతాయి.

ఘట్‌కేసర్‌లో ఆగిన బొగ్గు వ్యాగన్ను చూడండి. పైకప్పు లేని ఈ రకాన్ని రైల్వేలో బాక్స్‌ఎన్ అంటారు. రెండు వ్యాగన్ల మధ్య కప్లింగ్ పక్కనే నల్లటి రబ్బరు గొట్టం కిందికి వంగి, అవతలి వ్యాగన్ గొట్టంతో చేతులు కలిపి ఉంటుంది. అదే హోస్ పైపు. అది ఇనుప పైపుకు తగిలేచోట ఒక పిడి ఉంటుంది, యాంగిల్ కాక్. గొట్టం అక్కడి నుంచి వ్యాగన్ పొడుగునా అడుగున పరుగెత్తి రెండో చివర బయటికొస్తుంది. ఇంజిన్ నుంచి గార్డు పెట్టె దాకా ఇలా ఒకటే గొట్టం, బ్రేక్ పైపు. ఇందులో గాలి చదరపు సెంటీమీటరుకు 5 కిలోల ఒత్తిడితో నిండి ఉంటుంది.

కిటుకంతా ఇక్కడే. బ్రేకు వేయడానికి డ్రైవరు ఈ గొట్టంలోకి గాలి పంపడు, ఉన్న గాలిని కొంత వదిలేస్తాడు. ఒత్తిడి తగ్గిందని ప్రతి వ్యాగన్ అడుగునా ఒక పరికరం పసిగడుతుంది. దాని పేరు డిస్ట్రిబ్యూటర్ వాల్వు, పనివాళ్ల నోట్లో డీవీ. పక్కనే ఉన్న ట్యాంకులో దాచిన గాలిని అది సిలిండర్‌లోకి మళ్లిస్తుంది. సిలిండర్‌లోని పిస్టన్ కడ్డీలను తోస్తుంది, కడ్డీలు బ్రేకు దిమ్మెలను చక్రాలకు అదుముతాయి. బాక్స్‌ఎన్‌లో ఆ ట్యాంకు 100 లీటర్లది, సిలిండర్ అడ్డుకొలత 355 మిల్లీమీటర్లు. బండి మధ్యలో తెగిపోయినా, గొట్టం పగిలినా గాలి దానంతటదే పోతుంది, బ్రేకులూ వాటంతటవే పడతాయి. 1869లో జార్జ్ వెస్టింగ్‌హౌస్ చేసిన మొదటి ఎయిర్ బ్రేకు దీనికి పూర్తి వ్యతిరేకం, గాలి పంపితేనే బ్రేకు పడేది. గొట్టం తెగితే అంతే సంగతులు. 1872 నాటికి ఆయనే దాన్ని తలకిందులు చేశాడు. నూటయాభై ఏళ్లు దాటినా ప్రపంచంలోని గూడ్స్ బండ్లన్నీ దాదాపు ఆ ఆలోచన మీదే ఆగుతున్నాయి.

ఇంజిన్ విప్పినప్పుడు వచ్చే 'బుస్స్' శబ్దం స్టేషన్లో ఎవరైనా విని ఉంటారు. గొట్టంలోని గాలి అది. ఆ తర్వాత క్యారేజ్ అండ్ వ్యాగన్ (సీ అండ్ డబ్ల్యూ) సిబ్బంది ఒక్కో వ్యాగన్ పక్కన నడుస్తూ ఒక కడ్డీ లాగుతారు, మళ్లీ చిన్న బుస. డీవీ దగ్గర మిగిలిన గాలిని వదిలి బ్రేకు విడిపిస్తున్నారన్నమాట. వ్యాగన్ పక్కకు పొడుచుకొచ్చిన సన్నటి వంపు కమ్మీ ఒకటి కనిపిస్తే అది ఇదే.

ఇక డబ్బాలోని మూడు ముక్కలు చేతిలోకి తీసుకోండి. లావుగా, పొడుగ్గా, మధ్యలో పట్టీలాంటి అంచు ఉన్నది రిజర్వాయర్. అమెరికన్ బండ్లలో మామూలు బ్రేకు గాలికీ అత్యవసర బ్రేకు గాలికీ రెండు గదులు కలిపి ఒకే ట్యాంకుగా చేస్తారు, ఆ అంచు రెండు గదుల మధ్య అతుకు. ఒక చివర కడ్డీ తగిలించుకునే కొక్కెం ఉన్నది సిలిండర్. గాలిని కదలికగా మార్చేది అదొక్కటే, కాబట్టి కడ్డీ దానికే ఉండాలి. మిగిలిన గడ్డలు గడ్డల ముక్క వాల్వు. మంచి కిట్లో వాల్వు మీద పైపులు దూరడానికి చిన్న చుక్కలు కూడా ఉంటాయి. బ్రేక్ పైపు ఒకటి, రిజర్వాయర్‌కు రెండు, సిలిండర్‌కు ఒకటి, ఇంకొకటి బండి చివరనున్న రిటైనర్ వాల్వుకు. ఈ ఏర్పాటు అమెరికాలో 1933లో వచ్చింది, పేరు ఏబీ. అంతకుముందు ఉన్న కే రకంలో సాధారణంగా ట్యాంకూ సిలిండరూ కలిసి ఒకే ముక్కగా ఉండేవి. మీ డబ్బాలో అలా జంట ముక్క వస్తే, మూత మీద ఏ సంవత్సరం రాసినా ఆ బండి రూపం అంతకుముందుదని అర్థం.

రిటైనర్ వాల్వు మన దగ్గర కనిపించదు. కొండ దిగేటప్పుడు సిలిండర్‌లో కొంత గాలి పట్టి ఉంచడానికి అమెరికన్లు పెట్టుకున్న చిన్న డబ్బీ అది. బాక్స్‌ఎన్ పక్కన మాత్రం ఖాళీ బండికీ నిండు బండికీ బ్రేకు బలం మార్చే పిడి ఒకటి ఉంటుంది. కొత్త రకం వ్యాగన్లలో మరో మార్పు చూస్తారు. పొట్ట కింద సిలిండరే ఉండదు, చక్రాల చట్రం మీదికే పోయింది. ఒకేలాంటి వ్యాగన్లు అనుకున్నవాటిలో కూడా తేడాలు పట్టగలిగితే, అచ్చు వేసినవాడు ఏం వదిలేశాడో కూడా పట్టగలుగుతారు.

చక్రాలు, కొక్కేలు

రైల్వేవాళ్ల లెక్కలో బోగీ అంటే పెట్టె కింద తిరిగే నాలుగు చక్రాల చట్రం. ఘట్‌కేసర్ మీదుగా పోయే వ్యాగన్ల కింద ఎక్కువగా ఉండేది క్యాస్‌నబ్ రకం. పోత ఉక్కు ముక్కలు మూడే, రెండు పక్క చట్రాలు, వాటిని కలుపుతూ ఒక అడ్డదూలం. దూలం రెండు చివర్లూ స్ప్రింగుల గుత్తుల మీద కూర్చుంటాయి. స్ప్రింగుల పక్కన ఇరికించిన వెడ్జ్‌లు ఒరుసుకుంటూ ఊపును అణుస్తాయి. కిట్లోని బోగీ కూడా ఇదే కుటుంబం, ఇది అమెరికా మూడుముక్కల పద్ధతే. బండి కదిలినప్పుడు ఇరుసు చివర చూడండి. మూడు బోల్టులున్న మూత చక్రంతోపాటే గిరగిర తిరుగుతుంది, అది రోలర్ బేరింగ్. కిట్లోని బోగీ పక్కన మూత ఉన్న చదరపు డబ్బీలుంటే అవి నూనెలో తడిపిన పాతకాలపు బేరింగులు. తిరిగే మూతలతో ఉన్న బోగీని 1930ల పెట్టెకు తగిలిస్తే తెలిసినవాళ్లు నవ్వుతారు.

బోగీలు బిగించడంలో చిన్న రహస్యం ఉంది, కాగితంలో చాలాసార్లు ఉండదు. ఒక బోగీ స్క్రూ బిగించి పక్కలకు తిరిగేలా మాత్రమే వదలాలి. రెండోది కాస్త వదులుగా ఉంచి అటూ ఇటూ ఊగనివ్వాలి. రెండూ బిగిస్తే ఎగుడుదిగుడు పట్టాల మీద ఒక చక్రం గాల్లో ఉంటుంది.

కప్లింగ్ చూస్తే మన వ్యాగన్, అమెరికా బొమ్మ అన్నదమ్ములు. వేళ్లు మడిచిన చెయ్యి లాంటి ఆ కొక్కేన్ని 1873లో ఎలై జానీ అనే అమెరికన్ పేటెంట్ చేశాడు. అంతకుముందు వ్యాగన్ల మధ్య నిలబడి చేత్తో పిన్ను వేయాల్సి రావడంతో అక్కడ ఎందరో పనివాళ్ల వేళ్లు తెగేవి, ప్రాణాలు పోయేవి. 1893లో చట్టం తెచ్చి ఆటోమేటిక్ కప్లింగులు తప్పనిసరి చేశారు. మన దగ్గర దాన్ని సెంటర్ బఫర్ కప్లర్ (సీబీసీ) అంటారు, మడతవేలు భాగాన్ని నకిల్ అంటారు. బొమ్మల్లో పేరుపడ్డ కేడీ కప్లర్ కింద వంగిన ఇనుప తీగ ఉంటుంది. హోస్ పైపు అనుకుని దానికి నల్లరంగు వేస్తారు. వేయండి, చూడ్డానికి బావుంటుంది. దాని అసలు పని వేరే. పట్టాల మధ్య దాచిన అయస్కాంతం ఆ తీగను పక్కకు లాగితే నకిల్ తెరుచుకుని బండ్లు విడిపోతాయి. పొడుగ్గా ఉందని కత్తిరించేస్తే ఆ పని పోతుంది.

పైనా పక్కలా

పెట్టె పైకప్పు మీద పొడుగునా పరిచే పలకను రన్నింగ్ బోర్డు అంటారు. బ్రేకులు తిప్పే మనిషి నడుస్తున్న బండి కప్పుల మీద పరుగెత్తిన రోజులవి. అందుకే పాత అమెరికన్ కిట్లో చేతిబ్రేకు చక్రం కూడా కప్పు దగ్గరే, పెట్టె కొసన ఎత్తుగా ఉంటుంది. 1966 నుంచి అక్కడ కొత్త పెట్టెలకు ఈ పలక పెట్టడం మానేశారు. మన లైన్లో ఆ ఊహే రాకూడదు, పైన 25 వేల వోల్టుల తీగ ఉంది. బాక్స్‌ఎన్ చేతిబ్రేకు చక్రం కింద, పక్క చట్రం దగ్గరే ఉంటుంది.

చిన్న దీర్ఘచతురస్రపు పలక ముక్కలు రెండో నాలుగో వస్తాయి. ఈ పెట్టె ఎక్కడికి పోవాలో రాసిన కాగితాలు గుచ్చే బోర్డులవి. మన వ్యాగన్లకు పక్క దూలం మీద లేబుల్ పెట్టే క్లిప్పు ఉంటుంది, పని అదే.

బండి నాలుగు మూలలా అతికించే గిన్నెల్లాంటి బిళ్లలు అందరికన్నా ఎక్కువ తికమక పెడతాయి. పక్క లైన్లోని ఇంజిన్‌కూ ఈ పెట్టెకూ మధ్య లావాటి దుంగ అడ్డం ఆనించి పెట్టెను తోసేవాళ్లట! దుంగ జారకుండా ఆనే చోటే ఈ గిన్నె. దుంగ విరిగితే దగ్గరున్న మనిషి ఏమవుతాడో చెప్పక్కర్లేదు. ఆ పద్ధతి పోయినా గిన్నెలు మాత్రం చాలా ఏళ్లు బండ్ల మీద మిగిలాయి, కిట్లలోకీ వచ్చాయి.

పదకొండు అంకెల జాతకం

చివరగా అంటించే అక్షరాల షీటు. భూతద్దం లేకుండా చదవలేనంత చిన్న అక్షరాల్లో క్యాపీ అని ఉంటే మోసే బరువు, ఎల్‌టీ డబ్ల్యూటీ అంటే ఖాళీ బరువు, బీఎల్‌టీ పక్కన కట్టిన నెల, ఏడాది. పెట్టె ఏ కాలానిదో బీఎల్‌టీ చెప్పేస్తుంది కాబట్టి బ్రేకు రకం, బోగీ రకం దానికి సరిపోయాయో లేదో అప్పుడే చూసుకోవచ్చు. ఈ పని అంటించాక కాకుండా మొదట్లోనే చేస్తే మేలు.

మన వ్యాగన్ దీనికన్నా ఎక్కువే మాట్లాడుతుంది. ముందు అక్షరాలు. బీ అంటే బోగీలు, సీ అంటే పైకప్పు, ఓ అంటే కప్పు లేనిది, టీ పీ అంటే పెట్రోలు ట్యాంకు, చివరి ఎన్ అంటే ఎయిర్ బ్రేకు. ఆ ఎన్ లేని రోజుల్లో గూడ్స్ బండ్లు వాక్యూమ్ బ్రేకుతో నడిచేవి. తర్వాత పదకొండు అంకెలు. మొదటి రెండూ రకం, 10 నుంచి 29 దాకా కప్పు లేనివి, 30లు కప్పున్నవి, 40లు ట్యాంకులు. తర్వాతి రెండూ సొంత జోను, దక్షిణ మధ్య రైల్వేకు 09. తర్వాతి రెండూ పుట్టిన ఏడాది. ఆపై నాలుగు అంకెలు ఆ వ్యాగన్ సొంతం. పదకొండోది సరిచూసే అంకె.

ఉదాహరణకు 1009123456 అనుకుందాం. సరిస్థానాల్లోని 0, 9, 2, 4, 6 కలిపితే 21, దాన్ని మూడుతో హెచ్చిస్తే 63. బేసిస్థానాల్లోని 1, 0, 1, 3, 5 కలిపితే 10. మొత్తం 73. పై పదుల అంకె 80కి ఇంకా 7 కావాలి. కాబట్టి చివరి అంకె 7, పూర్తి నంబరు 10091234567. ప్లాట్‌ఫాం మీద నిలబడి పోతున్న వ్యాగన్ల నంబర్లతో ఈ లెక్క వేసి చూడండి. తప్పు వచ్చిందంటే చదవడంలో మీరో, రాయడంలో పెయింటరో పొరబడ్డారు.

పక్కనే చివరిసారి పూర్తి మరమ్మతు ఏ వర్క్‌షాప్‌లో, ఎప్పుడు జరిగిందో రాసి ఉంటుంది. ఈ లైన్లో తిరిగే వ్యాగన్లలో బెజవాడ దగ్గరి రాయనపాడు వర్క్‌షాప్‌కు వెళ్లొచ్చినవి కనిపిస్తాయి. ఘట్‌కేసర్ దాటి ఇదే దారిన వెళ్తే వచ్చే కాజీపేటలో రైల్వే తయారీ యూనిట్‌కు 2023 జులై 8న శంకుస్థాపన జరిగింది. వ్యాగన్ల తయారీకి తలపెట్టిందే అది.

ఘట్‌కేసర్ బండినే కడితే?

అమెరికన్ పెట్టె పూర్తిచేసిన పిల్లాడు తర్వాత అడిగేది ఇదే. మన బండ్ల కిట్లు అరుదు. ప్లాస్టిక్ షీటు కోసి సొంతంగా చేసుకోవాలి. హెచ్‌ఓ అంటే 87వ వంతు కదా. కప్లర్ నుంచి కప్లర్ దాకా 10.713 మీటర్లున్న బాక్స్‌ఎన్ ఈ లెక్కన 123 మిల్లీమీటర్లు. అంతవరకు బానే ఉంది. చిక్కు పట్టాల దగ్గర వస్తుంది. దుకాణంలో దొరికే హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. అది అమెరికా, యూరప్‌ల 1435 మిల్లీమీటర్ల గేజికి సరిపోయే కొలత. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు, 87తో భాగిస్తే 19.26. దాదాపు మూడు మిల్లీమీటర్ల తేడా. కొందరు సరిపెట్టుకుని సన్న పట్టాల మీదే నడుపుతారు. పట్టుదల ఉన్నవాళ్లు ఇరుసులు పొడిగించి, పట్టాలు కూడా సొంతంగా వేస్తారు. నా ఓటు సరిపెట్టుకునే వాళ్లకే. పక్క నుంచి చూసినప్పుడు తేడా తెలియదు, ఎదురుగా చూసేవాడు ఎలాగూ తప్పులు వెతకడానికే వస్తాడు.

బొమ్మ రైళ్లంటే పిల్లల ఆటే అనుకునేవాళ్లు సికింద్రాబాద్‌లోని ఇరిసెట్ గురించి వినాలి. 1957 నుంచి దేశమంతటి రైల్వే సిగ్నల్ ఇంజనీర్లకు శిక్షణ ఇస్తున్న ఆ సంస్థలో మోడల్ గదే ఉంది. అసలు రైలును ఆపి చూపించలేని పాఠాలు అక్కడ బొమ్మ రైలుతో చెబుతారు. పుణెలో 1998లో తెరిచిన జోషి మినియేచర్ రైల్వే మ్యూజియం మాత్రం సరదాగా చూసి రావడానికి.

మొదటి ప్రయత్నానికి ట్యాంకు వ్యాగన్ వద్దు. గుండ్రటి పీపాను పొట్ట కింది పీటల మీద సరిగ్గా కూర్చోబెట్టడమే ఓ యజ్ఞం. పైన మనిషి దిగే మూత, లోపలి మాస్టర్ వాల్వును పైనుంచే తిప్పే చక్రం, అడుగున సరుకు దించే వాల్వు, దాని మూత ప్లేటు. ఇవన్నీ చేయడం రెండో ఏడాది పని. బాక్స్‌ఎన్ మేలు. గోడలు, నిలువు కమ్మీలు, కింద బ్రేకు సామాను, రెండు బోగీలు. అమెరికన్ డబ్బాలో మిగిలిన మెట్లు, పట్టుకునే కమ్మీలు, సిలిండర్ దీనికి పనికొస్తాయి. సిలిండర్ నుంచి బోగీల వైపు పోయే కడ్డీల్లో ఒకదాన్ని లావుపాటి గొట్టంలా చేయండి. బ్రేకు దిమ్మె అరిగేకొద్దీ కడ్డీ పొడవును దానంతటదే సరిచేసే స్లాక్ అడ్జస్టర్ అది, వంతెన మీది నుంచి కూడా కనపడుతుంది. మూలల్లో పెట్టే ఆ దుంగ గిన్నెలు మాత్రం మళ్లీ డబ్బాలోనే వేసేయండి. బాక్స్‌ఎన్‌కు అవి ఉండవు.